మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకోవాలి: టేబుల్‌టాప్ ఆటలు నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఆదివారం మధ్యాహ్నం ఆట. శనివారం రాత్రి పదకొండు దాటినా నేనింకా మ్యాప్‌లో ఓ సత్రం కప్పుకి పెంకులు పేరుస్తూనే ఉన్నాను. అప్పటికే మూడు సాఫ్ట్‌వేర్లకి డబ్బు కట్టి, మూడింట్లోనూ అదే సత్రాన్ని సగం సగం గీసి వదిలేశాను. మర్నాడు ఆటలో మావాళ్ల పాత్రలు ఆ సత్రంలోకి అడుగే పెట్టలేదు. పెరట్లో కట్టేసిన గుర్రాలు కనబడగానే వాటినెక్కి చక్కా పోయారు.

ఆ మూడింట్లో రెండు నాకు అక్కర్లేనివి. అవి చెడ్డవని కాదు. నేను గీయాల్సిన మ్యాప్ ఒక రకం, అవి గీసేది ఇంకో రకం. అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏది కొనమంటావ్?" అని అడిగితే పేరు చెప్పకుండా ముందు ప్రశ్నలు వేస్తాను. ఆ ప్రశ్నలు ఏ వరసలో వేస్తానో, ఈ వ్యాసం కూడా ఆ వరసలోనే నడుస్తుంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలు జనంలోకి వచ్చాయి. ఒకరు డంజన్ మాస్టర్‌గా (డీఎం) కూర్చుని కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఆడతారు. పోట్లాట మొదలైతే మాత్రం ఎవరు ఎక్కడ నిలబడ్డారో తేలాలి. దానికే గళ్ల మ్యాప్. ఒక గడి అంటే కథలో 5 అడుగులు, టేబుల్ మీద 1 అంగుళం. ఈ రెండు అంకెలతో చివరిదాకా పని ఉంటుంది.

మొదటి మెట్టు: మీకు కావాల్సింది ఏ మ్యాప్?

గత ఐదు సెషన్లలో టేబుల్ మీదికి నిజంగా ఏ మ్యాపులు వచ్చాయో కాగితం మీద రాయండి. గీద్దామనుకున్నవి కాదు, వచ్చినవి. చాలామందికి ఈ లెక్క చూశాక ఆశ్చర్యమేస్తుంది. ప్రపంచ పటం మీద వారాల తరబడి కూర్చుంటాం, ఆటలో అది ఒకసారి చూపించి మడిచి పెట్టేస్తాం. ప్రతి వారం కావాల్సింది గుహ, వంతెన, సంత, ఇల్లు.

మ్యాపులు స్థూలంగా నాలుగు రకాలు. ఖండాలు, రాజ్యాలు చూపించేది ప్రపంచ పటం. నాలుగు రోజుల ప్రయాణం పట్టేంత ప్రాంతాన్ని చూపించేది ప్రాంతీయ పటం. దీన్ని చాలామంది ఆరు మూలల హెక్స్ గళ్ల మీద గీస్తారు, ఒక్కో హెక్స్‌కి 6 మైళ్లు అనేది బాగా వాడుకలో ఉన్న కొలత. మూడోది ఊరి పటం. నాలుగోది పోట్లాట జరిగే చోటు, అదే బ్యాటిల్ మ్యాప్. మొదటి రెండింటిలో తీరాలు, నదులు, కొండలు ముఖ్యం. నాలుగోదానిలో గోడలు, తలుపులు, మెట్లు, దీపాలు ముఖ్యం. ఒక పనికి పుట్టిన సాఫ్ట్‌వేర్‌తో రెండో పని చేయిస్తే, గరిటెతో మేకు కొట్టినట్టే ఉంటుంది.

మీ కాగితం మీద ఎక్కువసార్లు వచ్చిన రకానికే డబ్బు పెట్టండి. మిగతావాటికి ఉచితంగా దొరికేవి సరిపోతాయి.

రెండో మెట్టు: ఆ మ్యాప్‌ని ఎక్కడ చూస్తారు?

నేను ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉందాం.

ముందు ప్రింట్ సంగతి. ఏ4 కాగితం 8.27 అంగుళాలు వెడల్పు, 11.69 అంగుళాలు పొడవు. ప్రింటర్ అంచులు వదిలేస్తే పట్టేవి 7 గళ్లు అడ్డంగా, 10 గళ్లు నిలువుగా. మీ మ్యాప్ 24 గళ్ల వెడల్పు, 30 గళ్ల పొడవు అనుకోండి, 12 కాగితాలు అవుతాయి. వాటిని కత్తిరించి టేపు వేయాలి. ఇలా పేజీలుగా విడగొట్టి పీడీఎఫ్ ఇచ్చే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉందా లేదా అన్నది కొనకముందే చూసుకోవాల్సిన విషయం.

నేను మొదటిసారి జిరాక్స్ షాపులో తీయించినప్పుడు, అక్కడ ప్రింటర్‌లో "ఫిట్ టు పేజ్" ఆన్‌లో ఉంది. నాకు చూసుకోవాలనే తట్టలేదు. బొమ్మ 94 శాతానికి కుదించుకుపోయింది. అంటే అంగుళం గడి 24 మిల్లీమీటర్లయింది. మినీల (పాత్రలకి గుర్తుగా గళ్లలో నిలబెట్టే చిన్న బొమ్మల) అడుగు భాగం 25 మిల్లీమీటర్లు. పక్కపక్క గళ్లలో నాలుగు బొమ్మలు పెట్టేసరికి ఐదోది గీత మీదికెక్కి కూర్చుంది. అప్పట్నుంచి "వంద శాతం, యాక్చువల్ సైజు" అని షాపులో రెండుసార్లు చెప్పి, మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి కొలిచాకే మిగతావి తీయిస్తున్నాను.

మన ఊళ్లలో ఇంతకంటే మంచి దారి ఉంది: ఫ్లెక్సీ. 24 అంగుళాలు, 30 అంగుళాలు అంటే 5 చదరపు అడుగులే. టేపు పని లేదు, చుట్టి పెట్టుకోవచ్చు, టీ ఒలికినా తుడిచేయొచ్చు. ఫ్లెక్సీకి గడికి 150 పిక్సెళ్లు ఉంటే చాలు, 300 అక్కర్లేదు. రంగులు మాత్రం ఒక మెట్టు లేతగా ఉంచుకోండి. స్క్రీన్ మీద అందంగా కనబడే చీకటి గుహ, అచ్చయ్యాక బొగ్గు ముద్దలా వస్తుంది.

రెండోది ఆన్‌లైన్ ఆట. మా ఆటలో ముగ్గురు హైదరాబాద్‌లో నా ఎదురుగా కూర్చుంటారు, ఒకడు డాలస్ నుంచి వస్తాడు. వాడి కోసం వీటీటీ (వర్చువల్ టేబుల్‌టాప్) తప్పదు, అంటే ఆన్‌లైన్‌లో మ్యాప్ పరిచి పాత్రల టోకెన్లు కదిపే టేబుల్ అన్నమాట. రోల్20, ఫౌండ్రీ, ఔల్‌బేర్ రోడియో ఎక్కువమంది వాడేవి. రోల్20లో గడి మామూలుగా 70 పిక్సెళ్లు, ఫౌండ్రీలో 100. మీ సాఫ్ట్‌వేర్ "గడికి ఇన్ని పిక్సెళ్లు" అని అడిగి ఎక్స్‌పోర్ట్ చేస్తుందా, లేక బొమ్మ మొత్తం సైజు మాత్రమే అడుగుతుందా? ఈ ఒక్క తేడా ఆదివారాన్ని కాపాడుతుంది.

ఎందుకంటే, నేనోసారి 60 గళ్ల మ్యాప్‌ని 4000 పిక్సెళ్ల వెడల్పుతో ఎక్స్‌పోర్ట్ చేశాను. గడికి 66.67 వచ్చింది. వీటీటీలో 67 అని పెట్టాను. ఎడమ చివర అంతా చక్కగా కలిసింది. కుడి చివరికి వచ్చేసరికి 20 పిక్సెళ్ల తేడా, అంటే గడిలో దాదాపు మూడో వంతు. డాలస్ వాడు "నేను గోడలో నిలబడ్డానేంట్రా?" అన్నాడు. నిజంగానే సగం గోడలో ఉన్నాడు.

బొమ్మ బరువు కూడా చూడాలి. 24×30 గళ్ల మ్యాప్ గడికి 300 పిక్సెళ్లతో తీస్తే 7200×9000 అవుతుంది. ఫైలు చూడ్డానికి చిన్నదే అనిపించినా, తెరిచాక మెమరీలో దాదాపు 260 ఎంబీ తింటుంది. అదే 100 పిక్సెళ్లతో అయితే 29 ఎంబీ. పాత ల్యాప్‌టాప్‌లో ఆడేవాడు ఒక్కడున్నా సరే, వాడి కోసమే లెక్క వేయండి. పీఎన్‌జీ బదులు వెబ్‌పీలో సేవ్ చేస్తే ఫైలు బాగా తగ్గి త్వరగా లోడవుతుంది గానీ, తెరిచాక తినే మెమరీ తగ్గదు.

ఫౌండ్రీ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. యూనివర్సల్ వీటీటీ అనే ఫార్మాట్‌లో బొమ్మతో పాటు గోడలు, తలుపులు, దీపాల వివరాలు కూడా వెళ్తాయి. ఫౌండ్రీలో చిన్న మాడ్యూల్ (యాడ్ఆన్) ఒకటి పెట్టుకుంటే చాలు, గోడ అవతల ఏముందో పాత్రకి కనబడకుండా ఫౌండ్రీయే దాచేస్తుంది. ఇది లేకపోతే ప్రతి గోడా మీరు మళ్లీ చేత్తో గీయాలి. 24×30 మ్యాప్‌కి అరగంట పైమాటే.

మూడో మెట్టు: జేబు, కార్డు, కంప్యూటర్

ధర ఎంత అన్నదానికంటే డబ్బు ఎలా కట్టాలన్నది ముందు చూడండి. కొన్ని ఒకేసారి కొనుక్కునేవి, కొన్ని చందా. నెలనెలా కట్టే విదేశీ చందాలతో మనకో చిక్కు ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఆటోమేటిక్ చెల్లింపులకి కొత్త నిబంధనలు తెచ్చాక, విదేశీ సైట్ల ఆటో డెబిట్లు అప్పట్లో చాలా ఫెయిలయ్యాయి. సరిగ్గా ఆట ముందు రోజు ఖాతా ఉచిత ప్లాన్‌కి జారిపోతే టెన్షన్ మామూలుగా ఉండదు. చందానే అయితే ఏడాదికోసారి కట్టేది తీసుకోండి. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోవడం మర్చిపోకండి, కొత్త కార్డుల్లో అవి ఆఫ్‌లోనే వస్తాయి.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా. బ్రౌజర్‌లో నడిచేవాటికి నెట్ కావాలి, మీ పని వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసుకునేవి కరెంటు ఉన్నంతసేపూ పని చేస్తాయి, ఫైలు మీ దగ్గరే ఉంటుంది. మ్యాక్ వాడేవాళ్లు విండోస్‌లో మాత్రమే నడిచేవాటిని ఇక్కడే కొట్టేయండి.

నాలుగో మెట్టు: బరిలో ఉన్నవాళ్లు

ప్రపంచ పటం ఉచితంగా కావాలంటే అజ్‌గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్. బ్రౌజర్‌లో తెరవగానే రాజ్యాలు, నదులు, సంస్కృతులు, ఊళ్లతో ఒక లోకం పుట్టుకొస్తుంది. నచ్చకపోతే మళ్లీ నొక్కండి, ఇంకో లోకం. అన్నీ మార్చుకోవచ్చు కూడా. మెనూలు చూస్తే మాత్రం తల తిరుగుతుంది. అందులో ఒక ఊరిని పట్టుకుంటే ఆ ఊరి వీధుల పటం వటబౌ అనే డెవలపర్ చేసిన సిటీ జనరేటర్‌లో తెరుచుకుంటుంది. వటబౌ దగ్గరే ఒక్క పేజీలో నేలమాళిగ మొత్తం తయారుచేసిచ్చేది కూడా ఉంది. సెషన్‌కి గంట ముందు చేతిలో ఏ మ్యాపూ లేనప్పుడు నాకు అదే దిక్కు.

చేత్తో గీసినట్టుండే ప్రాంతీయ పటాలకి వండర్‌డ్రాఫ్ట్. 30 డాలర్లు, ఒకేసారి. తీరరేఖ మీద బ్రష్ పోనిస్తే చాలు, కోసుకుపోయిన ఒడ్డు దానంతటదే వస్తుంది. దాన్ని చేసిన మెగాస్ప్లూట్ వాళ్లదే డంజన్‌డ్రాఫ్ట్, 20 డాలర్లు, బ్యాటిల్ మ్యాపుల కోసం. గోడ గీయగానే నీడ పడుతుంది, తలుపు పెట్టగానే గోడ తెగుతుంది, ఒకే ఫైలులో అంతస్తులు వేరుగా ఉంచుకోవచ్చు, యూనివర్సల్ వీటీటీలో ఎక్స్‌పోర్ట్ అవుతుంది. గోల్కొండలా కింద ద్వారం, పైన బాలాహిస్సార్ ఉండే కొండకోట గీయాలంటే ఈ అంతస్తుల సౌకర్యం లేకుండా కష్టం.

ఇంకార్నేట్ బ్రౌజర్‌లో నడుస్తుంది, ప్రపంచ పటం నుంచి బ్యాటిల్ మ్యాప్ దాకా అన్నీ గీయొచ్చు. మొదటిరోజే అందంగా వస్తుంది, అదే దాని బలం. ఉచిత ఖాతాలో బొమ్మలు తక్కువ, ఎక్స్‌పోర్ట్ సైజూ తక్కువ. నా ఫిర్యాదల్లా, పది మంది గీసినా మ్యాపులు ఒకే పోలికలో ఉంటాయి.

డంజన్ స్క్రాల్ పాతకాలం నలుపు తెలుపు నేలమాళిగలకి. బ్రౌజర్‌లోనే, ఖాతా కూడా అక్కర్లేదు. ఇరవై నిమిషాల్లో పని తేలుతుంది, ప్రింట్‌లో ఇంకు కూడా తక్కువ తాగుతుంది. కొత్తవాళ్లని నేను మొదట పంపేది దీని దగ్గరికే.

డంజన్ ఆల్కెమిస్ట్ త్రీడీ. గది గీసి ఇది వంటిల్లు అంటే గిన్నెలు, పొయ్యి, అలమర అదే సర్దేస్తుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ దుకాణంలో రూపాయల్లోనే కొనొచ్చు, కాబట్టి కార్డు బాధ లేదు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం గట్టిది కావాలి.

హెక్స్ పటాలకి వరల్డోగ్రాఫర్. ఇక క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్ ఒక పెద్ద ఊరు లాంటిది. ప్రొఫాంటసీ వాళ్లది, విండోస్‌లో నడుస్తుంది, పునాది క్యాడ్ మీద ఉంటుంది. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఆటోక్యాడ్ అలవాటైనవాళ్లకి ఇల్లు చేరినట్టుంటుంది. మిగతావాళ్లకి మొదటి వారం ఏడుపొస్తుంది. ఊళ్లకి, నేలమాళిగలకి విడివిడి యాడ్ఆన్లు కొనాలి, ఖర్చు అక్కడ పెరుగుతుంది.

బొమ్మలు వేసే చెయ్యి ఉన్నవాళ్లకి క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం, ఇవేవీ అక్కర్లేదు.

ఐదో మెట్టు: తెలుగు అక్షరాల పరీక్ష

ఊరి పేర్లు తెలుగులో రాద్దామనుకుంటే ఇది తప్పనిసరి. టెక్స్ట్ టూల్ తీసి "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న" అని టైప్ చేయండి. ఒత్తులు కిందికి దిగి సరిగ్గా కూర్చుంటే పాస్. పొల్లులు పడి అక్షరాలు విడివిడిగా నిలబడితే, అందులో తెలుగు రాయలేరు. ఫాంటు మార్చినా లాభం ఉండదు, అక్షరాలు కలిపే యంత్రాంగమే దాన్లో లేదు. ఒత్తుల అడుగు కత్తిరించుకుపోతోందా అన్నదీ చూడండి, ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి చేసిన పెట్టెల్లో ఇది మామూలే.

ఫెయిలైతే దాన్ని వదిలేయాల్సిన పని లేదు. పేర్లు లేకుండా మ్యాప్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఇంక్‌స్కేప్‌లో గానీ గింప్‌లో గానీ పేర్లు రాసుకోండి. రెండూ ఉచితం, రెండింట్లోనూ తెలుగు చక్కగా వస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర దిట్టంగా ఉంటుంది, రాజ్యాల పేర్లకి బాగుంటుంది. చిన్న ఊళ్లకి మండలి. అలంకారంగా కావాలంటే ధూర్జటి. ఫ్లెక్సీ షాపుకి మాత్రం పేర్లు కూడా బొమ్మలో కలిసిపోయిన ఫైలే ఇవ్వండి. అక్కడ ఎక్కువగా యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేస్తారు, మీ యూనికోడ్ తెలుగు అక్కడ తెరిస్తే ఏ రూపంలో తేలుతుందో చెప్పలేం.

ఆరో మెట్టు: ఒకే సత్రం, మూడు చోట్ల

ఇప్పటికి మీ చేతిలో రెండో మూడో పేర్లు మిగిలి ఉంటాయి. వాటిలో ఒకే మ్యాప్ గీయండి, ఒక్కోదానికి నలభై నిమిషాలే. డబ్బు కట్టకుండా ప్రయత్నించే వీలు లేని సాఫ్ట్‌వేర్ అయితే, ఇలాంటి మ్యాప్ ఎవరైనా గీస్తున్న వీడియో పెట్టుకుని చేతుల వంక చూడండి, కెమెరా ముందు మాటలు వినకండి.

నా పరీక్ష మ్యాప్ ఇది. 20 గళ్లు, 16 గళ్ల ఆవరణ. మధ్యలో ముంగిలి, అందులో గుండ్రటి బావి. రెండు వైపులా ఎల్ ఆకారంలో సత్రం. ఒక గోడ ఏటవాలుగా. ఒక చోట గోడ మందం అర గడి. పైకి మెట్లు, పైన రెండు గదులు. వంటింటి వెనక రహస్య ద్వారం. అరుగు మీద ఒక లాంతరు. ముందు "సత్రం" అని బోర్డు.

ఇందులో ఒక్కోటి ఒక్కో లోపాన్ని బయటపెడుతుంది. బావి గీస్తే గుండ్రటి గోడలు వస్తాయో రావో తెలుస్తుంది. వరంగల్ కోటలాంటి వలయాల ప్రాకారం గీసే ఆలోచన ఉంటే ఇక్కడే తేలిపోతుంది. ఏటవాలు గోడకి తలుపు పెట్టి చూడండి, కొన్నింట్లో తలుపు తిరగదు. అర గడి గోడ గీస్తే, గళ్లకి అతుక్కోవడం కావాల్సినప్పుడు ఆపొచ్చా లేదా తెలుస్తుంది. రహస్య ద్వారం మీకు కనబడాలి, ఆటగాళ్లకి కనబడకూడదు. అంటే అది ఉన్న లేయర్ (పొర) దాచి రెండో కాపీ ఎక్స్‌పోర్ట్ చేయగలగాలి.

నలభై నిమిషాలు అయ్యాక ఆపేసి, గడికి 100 పిక్సెళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైల్ ప్రాపర్టీస్ తెరవండి. సరిగ్గా 2000×1600 ఉండాలి. 2040×1640 అని ఉంటే చుట్టూ అంచు కలిపేసిందని అర్థం, వీటీటీలో గళ్లు కలవవు.

అసలు పరీక్ష మర్నాడు. అదే ఫైలు తెరిచి, వంటింటిని మూడు గళ్లు కుడికి జరపండి. గోడ, తలుపు, నేల, సామాన్లు అన్నీ కలిసి కదిలాయా? లేక ఒక్కొక్కటీ ఏరి లాగాల్సి వచ్చిందా? మొదటిరోజు అందానికి పడిపోయి నేను కొన్న ఒకటి ఇక్కడే ఓడిపోయింది. మ్యాప్ ఒకసారి గీస్తాం, ఐదుసార్లు మారుస్తాం.

ఏడో మెట్టు: అమ్మే ఆలోచన ఉంటే

ఇంట్లో ఆడుకోవడానికైతే ఈ భాగం దాటేయండి. పీడీఎఫ్ చేసి అమ్మాలనుకుంటే మాత్రం లైసెన్స్ చదవాల్సిందే. ఇంకార్నేట్ ఉచిత ఖాతాలో గీసినవి సొంత వాడకానికే. పైగా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వేరు, అందులో మీరు విడిగా తెచ్చి పెట్టిన చెట్లు, బల్లలు, పీపాల బొమ్మల లైసెన్స్ వేరు. ఫర్గాటెన్ అడ్వెంచర్స్, టూ మినిట్ టేబుల్‌టాప్ లాంటివాళ్ల బొమ్మలు బాగుంటాయి, ఒక్కొక్కరి షరతులు ఒక్కోలా ఉంటాయి. ఏ బొమ్మ ఎక్కడిదో మొదటిరోజు నుంచే ఒక నోట్‌లో రాసుకోండి, ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు.

నా దగ్గర ఇప్పుడున్నవి

లోకానికి అజ్‌గార్, హడావిడికి డంజన్ స్క్రాల్, ప్రతి వారం మ్యాపులకి డంజన్‌డ్రాఫ్ట్, తెలుగు పేర్లకి ఇంక్‌స్కేప్. మొత్తం ఖర్చు 20 డాలర్లు. మీరు అందరూ ఎదురెదురుగా కూర్చుని ఆడేవాళ్లయితే డంజన్ స్క్రాల్, ఫ్లెక్సీ షాపు చాలు. త్రీడీ మోజు, మంచి గేమింగ్ కంప్యూటర్ రెండూ ఉంటే డంజన్ ఆల్కెమిస్ట్ చూడండి. ప్రపంచ పటమే మీ ప్రాణమైతే వండర్‌డ్రాఫ్ట్.

ప్రతి మ్యాప్‌కీ రెండు ఫైళ్లు దాచుకోండి: మళ్లీ మార్చుకోవడానికి వీలుండే అసలు ఫైలు, ఎక్స్‌పోర్ట్ చేసిన బొమ్మ. పేరులోనే కొలతలు రాసేయండి, "సత్రం 20×16, 100 పిక్సెళ్లు" అని. ఆ సత్రం ఫైలు నా దగ్గర ఇంకా ఉంది, పెంకులతో సహా. పోయిన నెల పేరు మార్చి దొంగల స్థావరంగా దింపాను. ఈసారి లోపలికి వచ్చారు, వచ్చీ రాగానే నిప్పు పెట్టారు, అదీ కప్పుకే.